యంత్రం ఎవరి వైపు చూస్తోంది?

నెల మొదట్లో ఏ ఊరి చౌక ధరల దుకాణం దగ్గరైనా కనిపించే దృశ్యం ఇది. మనుషుల కంటే ముందు సంచులు వరసలో ఉంటాయి. డీలరు ముందు బల్ల మీద అరచేతిలో ఇమిడేంత ఈ-పోస్ యంత్రం. కార్డు నంబరు కొట్టగానే పేర్లు వస్తాయి, వేలు పెట్టమంటాడు. డెబ్బై ఏళ్ల మామ్మ బొటనవేలు పెడుతుంది. పడదు. చీర చెంగుకు తుడుచుకుని మళ్లీ పెడుతుంది. చూపుడువేలు పెట్టమంటారు. జుట్టుకు రాసి పెడితే నూనె అంటి ముద్ర పడుతుందని వెనక నుంచి ఎవరో సలహా ఇస్తారు. కుడి చెయ్యి అయింది, ఎడమ చెయ్యి అయింది. "వేలిముద్ర పడట్లేదు మామ్మా, రేపు పొద్దున్నే రా, సర్వర్ బాగుంటుంది" అంటాడు డీలరు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. బియ్యం బస్తాలు ఆయన వెనకే ఉన్నాయి. ఆమెను ఏళ్ల తరబడి ఎరుగును. వరసలో నిలబడ్డవాళ్లందరికీ ఆమె ఎవరి తల్లో, ఏ వీధిలో ఉంటుందో తెలుసు. అయినా ఆ పూట ఆమె ఖాళీ సంచితో ఇంటికి వెళ్తుంది.

వేలిముద్రలు ఎందుకు అరుగుతాయో పల్లెలో ఎవరినడిగినా చెబుతారు. గుంటూరు, ఖమ్మం వైపు మిరప కోతలకు వెళ్లేవాళ్ల వేళ్లు ఘాటుకు మండి పొరలు లేస్తాయి. పత్తి తీసేవాళ్లకు ఎండిన డొప్పల మొనలు గీరుకుంటాయి. నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ల వేళ్లు తునికాకు మీద రాసీ రాసీ నున్నబడతాయి. సిమెంటు, ఇటుక బట్టీ, అంట్ల పొడి... ఒక్కో పని ఒక్కో రకంగా చేతిని తింటుంది. వయసు మీద పడ్డాక చర్మమే పలచబడి గీతలు కలిసిపోతాయి. మొత్తానికి ఎవరి చేతులు ఎక్కువ కష్టపడ్డాయో వాళ్ల ముద్రే పడదు, ఎవరికి ఆ బియ్యం ఎక్కువ అవసరమో వాళ్లనే యంత్రం గుర్తుపట్టదు. 2018లో ఆధార్ కేసు విచారణలో ఆధార్ జారీచేసే సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి స్వయంగా సుప్రీంకోర్టుకు చెప్పిన లెక్క ప్రకారం ప్రభుత్వ సేవల్లో ధ్రువీకరణ సఫలమయ్యేది 88 శాతమే. మిగిలిన 12 శాతం కాగితం మీద చిన్న అంకె. కోటిసార్లు వేలు పెడితే 12 లక్షలసార్లు కాదనిపించుకోవడమని విడమరిస్తే దాని బరువు తెలుస్తుంది.

అలాగని ఆ యంత్రాన్ని తీసి అవతల పెట్టేయమనడమూ సరికాదు. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మధ్య రేషన్ పోర్టబిలిటీ మొదలైంది, దేశంలో ఇలా ముందుగా జతకట్టిన రాష్ట్రాల్లో ఈ రెండూ ఉన్నాయి. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్‌కు భవన నిర్మాణ పనులకు వచ్చిన కుటుంబం అంతకు ముందు ఊళ్లో బియ్యాన్ని వదులుకునేది, ఇక్కడ కిరాణా కొట్లో కొనుక్కునేది. ఇప్పుడు కార్డు ఎక్కడిదైనా ఉన్నచోట తీసుకోవచ్చు. సొంత ఊళ్లోనే డీలరు తూకంలో కోత పెడుతున్నా, మర్యాద లేకుండా మాట్లాడుతున్నా పక్క దుకాణానికి వెళ్లొచ్చు. ఈ స్వేచ్ఛ కాగితపు కార్డుతో, చేతిరాత పుస్తకంతో వచ్చేది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో అడుగు ముందుకేసి ఎలక్ట్రానిక్ కాటాను ఈ-పోస్‌కు కలిపారు. కాటా మీద బరువు సరిగా ఉందో లేదో యంత్రమే చూస్తుంది.

ఒకే దుకాణం, ఒకే యంత్రం. కాటాకు కలిపినప్పుడు అది డీలరు చేతిని కనిపెడుతోంది. వేలు పెట్టమన్నప్పుడు మామ్మను అనుమానిస్తోంది. మొదటి పనిలో అది పొరపాటు పడితే డీలరు సమాధానం చెప్పుకోవాలి. రెండో పనిలో పొరపాటు పడితే మామ్మ పస్తుండాలి. డిజిటల్ మంచిదా చెడ్డదా అని వాదించుకుంటూ కూర్చుంటే అది ఎప్పటికీ తెగదు. ఏ పథకంలోనైనా, ఏ కార్యాలయంలోనైనా కొత్త యంత్రం దిగినప్పుడు రెండు సంగతులు తేల్చుకోవాలి. అది ఎవరి వైపు చూస్తోంది? అది తప్పు చేసిన రోజున నష్టం ఎవరి సంచిలోంచి పోతోంది?

తెలుగు నేల మీదే దీనికి గట్టి రుజువు ఉంది. 2010 నుంచి 2012 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛను చెల్లింపులకు స్మార్ట్ కార్డులు తెచ్చారు. 8 జిల్లాల్లో 157 మండలాలను లాటరీ పద్ధతిన విభజించి, కొన్నిట్లో ముందు, కొన్నిట్లో తర్వాత ప్రవేశపెట్టారు. అందువల్ల ఫలితాన్ని పక్కపక్కన పెట్టి కొలవగలిగారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు చేసిన ఈ అధ్యయనంలో కూలి డబ్బు ముందుకంటే త్వరగా చేతికి వచ్చినట్టు, తీసుకోవడానికి పట్టే సమయం ఒక్కోసారికి 20 నిమిషాలకు పైగా తగ్గినట్టు, మధ్యలో మాయమయ్యే సొమ్ము దాదాపు 40 శాతం తగ్గినట్టు తేలింది. కార్డు పద్ధతే బాగుందని లబ్ధిదారుల్లో పదికి తొమ్మిది మంది చెప్పారు.

అదే బృందం 2016–17లో జార్ఖండ్‌లో రేషన్ దుకాణాలకు వేలిముద్రలు తెచ్చినప్పుడూ కొలిచింది. అక్కడ వేలిముద్ర వల్ల దోపిడీ తగ్గిన జాడ కనపడలేదు. ఆధార్ జతకాని కుటుంబాలకు అందే సరుకుల విలువ సగటున పదోవంతు తగ్గింది. అందరికీ తిరుగుడు ఖర్చు పెరిగింది. ఆ రాష్ట్రంలోనే 2017 సెప్టెంబరులో సిమ్‌డేగా జిల్లాలో పదకొండేళ్ల పాప చనిపోయింది. ఆధార్ జతచేయలేదని తమ రేషన్ కార్డు కొట్టేశారని, ఇంట్లో తిండి లేదని తల్లి చెప్పింది. మలేరియా అని అధికారులు చెప్పారు. కార్డు రద్దయిన మాట మాత్రం నిజం. నెల తిరక్కుండా, ఆధార్ లేదనో ముద్ర పడలేదనో ఎవరికీ సరుకులు ఆపొద్దని కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలన్నిటికీ రాసింది.

ఒకే రకం సాంకేతికత ఇక్కడ మేలు, అక్కడ కీడు చేయడానికి కారణం వేలిముద్రలో లేదు. ఆంధ్రలో అంతకు ముందు కూలి డబ్బు తపాలా కార్యాలయం చుట్టూ తిరిగితే గాని వచ్చేది కాదు, ఒకరి పేరున ఇంకొకరు లాగేయడం మామూలు. స్మార్ట్ కార్డుతో చెల్లింపు ఊళ్లోకే వచ్చింది, యంత్రం పట్టుకుని కూర్చున్నది చాలాచోట్ల అదే ఊరి మహిళ. కార్డు లేనివాళ్లకు పాత పద్ధతిలో చెల్లించడం ఆపలేదు. రెండేళ్లు గడిచినా దాదాపు సగం చెల్లింపులు కార్డు లేకుండానే నడిచాయి. అంకెల్లో నూరు శాతం చూపించాలనుకునే అధికారికి ఇది వైఫల్యంలా కనిపిస్తుంది. కూలివాళ్లను కాపాడింది మాత్రం ఆ మిగతా సగమే. జార్ఖండ్‌లో డీలరు చేసే మోసం తూకంలో. ఐదు కిలోలు రాసి నాలుగు పోసేవాడిని పట్టుకోవడానికి ఎదుటివాడి వేలిముద్ర తీసుకుంటే ఏం లాభం? ఎలుకలు గాదెలో ఉంటే బోను వీధిలో పెట్టినట్టయింది.

ఈ అనుభవం నుంచి నేర్చుకున్న చోట పరిస్థితి కొంత మెరుగ్గానే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ముద్రలు పడనివారికి గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్‌ఓ) తన వేలిముద్రతో సరుకులు ఇప్పించే వీలు పెట్టారు. పింఛను విషయంలో యంత్రాన్నే ఇంటికి తీసుకెళ్లడం 2020 నుంచి అలవాటైంది, ప్రభుత్వం మారినా ఆ పద్ధతి నిలిచింది. మంచం పట్టిన మనిషి దగ్గరకు ఫోను పట్టుకుని ఉద్యోగి వెళ్లడానికీ, ఆ మనిషిని ఆటోలో వేసుకుని మండల కేంద్రానికి తేవడానికీ ఎంత తేడా! తెలంగాణలో 2021 ఫిబ్రవరిలో కరోనా భయంతో వేలిముద్ర బదులు కనుపాప, ఓటీపీ పెట్టారు. ఉద్దేశం మంచిదే. ఓటీపీ రావాలంటే ఆధార్‌కు ఫోను నంబరు జతపడి ఉండాలి కదా. దాంతో జనమంతా ఆధార్ కేంద్రాల ముందు బారులు తీరారు. గుంపులు వద్దని చేసిన ఏర్పాటే కొత్త గుంపులకు కారణమైంది. ఫోను నంబరు ఎంతమందికి జతై ఉందో ముందే చూసుకుని ఉంటే ఆ వరసలు ఉండేవి కావు.

ఇక ఉపాధి హామీ. తెలుగు పల్లెల్లో దీన్ని ఇప్పటికీ కరువు పని అనే అంటారు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఈ పథకం మొదలైంది కాబట్టి దీని కథ తెలుగువాళ్లకు ఇంటి కథే. ఇందులో కంప్యూటర్‌ను రెండు కాలాల్లో రెండు రకాలుగా వాడారు. ఆ రెండిటినీ ఎదురెదురుగా పెట్టి చూడటం అవసరం.

మొదటి రకం సామాజిక తనిఖీ. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), చెల్లింపులు, కొలతల లెక్కలన్నీ ఉమ్మడి రాష్ట్రంలో తొలినాళ్ల నుంచే కంప్యూటర్‌లోకి ఎక్కించి బయటపెట్టారు. తనిఖీ బృందం వాటిని ముద్రించుకుని ఊళ్లోకి వచ్చేది. ఊరి కుర్రాళ్లకే నాలుగు రోజులు శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపేవాళ్లు. "నీ పేరున పన్నెండు రోజులు పడ్డాయమ్మా, చేశావా? డబ్బు ఎంత అందింది?" ఆమె చెప్పిన మాట పక్కన రాసుకునేవాళ్లు. పనికే రానివాళ్ల పేర్లు, చనిపోయినవాళ్ల పేర్లు మస్టర్లలో బయటపడేవి. తర్వాత గ్రామసభలో చదివేవాళ్లు, మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టేవాళ్లు. ఫీల్డ్ అసిస్టెంటు, టెక్నికల్ అసిస్టెంటు, పోస్టుమాస్టరు అందరి ముందూ నిలబడి జవాబు చెప్పాల్సి వచ్చేది. 2009లో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక సొసైటీనే ఏర్పాటు చేశారు. దేశంలో మరే రాష్ట్రమూ అప్పటికి ఆ పని చేయలేదు. దోచిన సొమ్మును పూర్తిగా రాబట్టడంలో, తప్పు చేసినవాళ్లను శిక్షించడంలో ఈ పద్ధతి అంత గట్టిగా నిలబడలేదన్నది ఒప్పుకోవాలి. అయినా చదువురాని కూలి మనిషి ముందు సర్కారు లెక్క తలవంచి నిలబడటమంటే అది. అందుకు సాయపడింది కంప్యూటరే. అది లేకపోతే అన్ని వేల పనుల లెక్కలు బీరువాల్లోనే ఉండిపోయేవి.

రెండో రకం ఫొటో హాజరు. 2021లో ఎన్‌ఎంఎంఎస్ అనే యాప్ వచ్చింది, 2023 జనవరి 1 నుంచి అన్ని పని ప్రదేశాల్లో తప్పనిసరి అయింది. రోజుకు రెండుసార్లు కూలీలను నిలబెట్టి, ఎక్కడ తీశారో ఎప్పుడు తీశారో నమోదయ్యేలా ఫొటో తీయాలని నియమం పెట్టారు.

వేసవిలో చెరువు పూడికతీత పని దగ్గర ఇది ఎలా ఉంటుందో ఊహించండి. ఎండ ముదరకముందే ముగించుకుందామని తెల్లవారకముందే గడ్డపారలు, గంపలు పట్టుకుని వస్తారు. కూలి రోజు లెక్కన కాదు, తవ్విన మట్టి కొలతను బట్టి. గట్టిగా పనిచేసే జట్టు పదింటికల్లా తన కొలత పూర్తి చేస్తుంది. పూర్వం ఇంటికి వెళ్లి వంట చూసుకునేవాళ్లు, గేదెలకు నీళ్లు పెట్టుకునేవాళ్లు. ఇప్పుడు రెండో ఫొటో కోసం తుమ్మచెట్టు కింద పలచటి నీడలో కూర్చుంటారు. జట్టు హాజరు చూసే మేట్ ఫోను పైకెత్తి గట్టు మీద అటూ ఇటూ నడుస్తుంటుంది సిగ్నల్ కోసం. ఫొటో ఎక్కకపోతే తవ్విన గొయ్యి కళ్ల ముందే ఉన్నా హాజరు పడదు. గొయ్యిని కొలిచి కూలి ఇచ్చే పనికి మనిషి ముఖంతో సాక్ష్యం ఎందుకో ఎంత ఆలోచించినా అర్థం కాదు.

పోనీ, దొంగ హాజరు ఆగిందా? 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారు, ఫొటోను మళ్లీ ఫొటో తీసి పెడుతున్నారు, ఫొటోలో ఉన్నవాళ్లకూ మస్టర్‌లో ఉన్నవాళ్లకూ లెక్క కుదరడం లేదు, మగవాళ్లకు బదులు ఆడవాళ్లు ఆడవాళ్లకు బదులు మగవాళ్లు కనిపిస్తున్నారు, మధ్యాహ్నం ఫొటోలే ఉండటం లేదు అని ఆ సర్క్యులరే ఏకరువు పెట్టింది. పరిష్కారంగా ఏం చెప్పింది? గ్రామ పంచాయతీ స్థాయిలో ప్రతి ఫొటోనూ మనిషి కూర్చుని సరిచూడాలని. దొంగతనం చేయదలచుకున్నవాడికి యాప్ ఏ అడ్డమూ కాలేదు. చెమటోడ్చేవాళ్లకు మాత్రం రోజుకు రెండు అదనపు అడ్డంకులు వచ్చిపడ్డాయి. సామాజిక తనిఖీలో జనం సర్కారును చూశారు, ఫొటో హాజరులో సర్కారు జనాన్ని చూస్తోంది. వాడిన సాంకేతికత దాదాపు ఒకటే.

ఆధార్ ఆధారిత చెల్లింపుల కోసం జాబ్ కార్డుల వడపోత జరిగిన 2022–23లో దేశవ్యాప్తంగా 5.18 కోట్ల మంది కూలీల పేర్లు జాబితాల నుంచి తీసేశారని లోక్‌సభలో ప్రభుత్వమే చెప్పింది. అంతకు ముందు ఏడాది ఆ సంఖ్య కోటిన్నర. ఆంధ్రప్రదేశ్‌లో తీసేసిన పేర్లు 78 లక్షలు, తెలంగాణలో 17 లక్షలకు పైనే. అందులో చనిపోయినవాళ్లు, ఊరు విడిచినవాళ్లు, రెండుసార్లు నమోదైనవాళ్లు లేరని కాదు. తీసేసే ముందు ఇంటికి వెళ్లి అడిగారా అన్నదే ప్రశ్న. పనికి వెళ్లిన రోజున "నీ పేరు లేదు" అని తెలియడం వేరు, ముందే నోటీసు అందుకుని నేను బతికే ఉన్నానని చెప్పుకునే అవకాశం ఉండటం వేరు.

తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ దగ్గర ఇదే ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వాహనాలు, ఆస్తి పన్ను, కరెంటు కనెక్షన్లు, ఉద్యోగాల రికార్డులను ఒకచోట చేర్చి, పేర్లు చిరునామాలు పోల్చి, ఫలానా కుటుంబం పేదది కాదని సాఫ్ట్‌వేర్ తేల్చేది. ఒక రిక్షా కార్మికుడి పేరు కారున్న మరొకరి పేరుతో కలిసిపోయి ఆ ఇంటికి ఆహార భద్రత కార్డు పోయిన ఉదంతం పత్రికల్లో వచ్చింది. హైదరాబాద్ పాతబస్తీలో ఒకే పేరున్నవాళ్లు ఎందరుంటారో, తెలుగు పేర్లను ఇంగ్లిషులో ఎన్ని రకాలుగా రాస్తారో తెలిసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. లక్ష్మి అనే పేరునే ఒక కార్యాలయంలో ఒకలా, మరో కార్యాలయంలో ఇంకోలా రాస్తారు. సుమారు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. వాటిని క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ముందే గడప తొక్కి ఉంటే కోర్టు గడప తొక్కాల్సిన పని ఉండేది కాదు.

భూమి దగ్గరకు వచ్చేసరికి లెక్క మరీ క్లిష్టం, ఎందుకంటే అక్కడ లాభమూ పెద్దదే, నష్టమూ పెద్దదే. 1998లో ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ శాఖను కంప్యూటరీకరించినప్పుడు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) కోసం రోజుల తరబడి తిరిగే బాధ తప్పింది. దాన్ని ఎవరూ కాదనరు. 2020 అక్టోబరు 29న తెలంగాణలో ధరణి అనే భూ రికార్డుల పోర్టల్ మొదలైనప్పుడూ ఒక మంచి పని జరిగింది. తహసీల్దారు కార్యాలయంలోనే రిజిస్ట్రేషన్, అదే రోజు మ్యుటేషన్. రికార్డు శుద్ధంగా ఉన్న రైతుకు అది నిజంగా వరం. పట్టా మార్పిడి కోసం నెలలు తిరిగి, చేతులు తడిపి విసిగినవాళ్లు ఆ మాట మనస్ఫూర్తిగా చెబుతారు.

చిక్కు రికార్డు శుద్ధంగా లేనివాళ్లకు. 2017లో మూడు నెలల్లో హడావిడిగా సాగిన భూ రికార్డుల ప్రక్షాళనలో దొర్లిన తప్పులే ధరణికి పునాది అయ్యాయి. ఎకరా ఇరవై గుంటలు ఉన్నచోట ఎకరా పది గుంటలు పడింది. సర్వే నంబరు గల్లంతైంది. పట్టా భూమి ప్రభుత్వ భూమిగా, నిషేధిత జాబితాలో చేరింది. వివాదం ఉన్నవన్నీ పార్ట్-బీలో పెట్టి పక్కన పడేశారు. సాగు చేసేవాడి పేరు చూపించే అనుభవదారు కాలమ్‌ను తీసేశారు. కాగితం కాలంలో కూడా తప్పులుండేవి. కానీ తప్పు జరిగిన చోటే దిద్దే మనిషి ఉండేవాడు. ఆ మనిషి లంచం తిన్నాడన్నది నిజమే. అందుకే 2020 సెప్టెంబరులో వీఆర్‌ఓ వ్యవస్థనే ఎత్తేశారు. కొత్త చట్టంలో అప్పీలుకు చోటు లేకుండా చేశారు. తహసీల్దారు తన కళ్ల ముందున్న తప్పును తను దిద్దలేకపోయేవాడు. రైతు మీసేవకు వెళ్లి, ఫీజు కట్టి, టీఎం-33 అనే మాడ్యూల్ కింద దరఖాస్తు పెట్టాల్సి వచ్చేది. అది కలెక్టరు లాగిన్‌లోకి వెళ్లేది. ఏ మాడ్యూల్ కింద పెట్టాలో తెలియక తప్పు దానిలో పెడితే తిరస్కరణ, మళ్లీ ఫీజు. లేదంటే సివిల్ కోర్టు. పది గుంటల కోసం కోర్టుకెక్కే స్తోమత ఏ చిన్న రైతుకు ఉంటుంది? పాస్‌బుక్ రాకపోతే రైతుబంధు సాయం వచ్చేది కాదు, బ్యాంకు అప్పు వచ్చేది కాదు, రైతు బీమా ఉండేది కాదు. ఒక గడిలో తప్పు పడితే ఆ తప్పు వెంట మిగతా అన్ని తలుపులూ మూసుకున్నాయి. ధరణి వల్ల లంచాలు పోయాయన్న వాదనలో ఈ భాగాన్ని వదిలేయడం న్యాయం కాదు.

అదే తెలంగాణలో 2018లో రైతుబంధు చెక్కులు పంచేటప్పుడు ఒక చిన్న ప్రయోగం జరిగింది. కొందరు వ్యవసాయాధికారులకు ముందే చెప్పారు, మీ పరిధిలోని రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందా లేదా అడుగుతామని. తర్వాత కాల్ సెంటర్ నుంచి రైతులకు ఫోన్లు వెళ్లాయి. అంతే. యాప్ లేదు, వేలిముద్ర లేదు, రైతు స్మార్ట్ ఫోను కొనుక్కోనక్కర్లేదు. అలా చెప్పిన చోట్ల చెక్కులు సమయానికి మరింత మందికి అందాయి, చిన్న రైతులకు ఎక్కువ మేలు జరిగింది, ఖర్చు నామమాత్రం. పాత బటన్ ఫోనే చాలింది, అది అధికారి వైపు చూసింది కాబట్టి.

యూపీఐని కూడా ఇక్కడే చూడాలి. 2016 ఏప్రిల్‌లో మొదలై పదేళ్లలో ఇడ్లీ బండి దాకా చేరింది. బండి మీద స్పీకరు డబ్బా ఉంటుంది. పిండి అంటిన చేతులతో పెనం దగ్గర నిలబడ్డ ఆవిడ ఫోను తీసి చూడనక్కర్లేదు, చదవనక్కర్లేదు, డబ్బు పడినట్టు చెవికి వినిపిస్తుంది. ఆ పూట ఆవిడకు అవసరమైంది ఏమిటో ఎవరో దగ్గర నిలబడి గమనించి చేసిన వస్తువది. చిల్లర బాధ తప్పింది, కొనేవాళ్లు పెరిగారు. వీటన్నిటికంటే పెద్ద సంగతి, సర్వర్ పనిచేయని రోజున నోటు తీసుకుంటుంది. వ్యాపారం ఆగదు. వద్దనుకుంటే ఆ డబ్బా తీసేయొచ్చు. నోటు చెల్లదని ఏ కౌంటరైనా బోర్డు పెట్టిన రోజున ఇదే యూపీఐ బటన్ ఫోను ఉన్న ముసలాయనకు గోడవుతుంది. 2021 మేలో 18–44 ఏళ్లవాళ్లకు టీకా కోసం కోవిన్‌లో నమోదు తప్పనిసరి చేసినప్పుడు జరిగిందదే. నెట్ వేగం ఉన్న నగరాలవాళ్లు పక్క పల్లెల పీహెచ్‌సీల్లో స్లాట్లు పట్టుకుని కార్లలో వెళ్లి టీకా వేయించుకున్నారు, ఆ ఊరివాళ్లు చూస్తూ ఉండిపోయారు. సుప్రీంకోర్టు డిజిటల్ అంతరాన్ని నిలదీసింది. జూన్ 21 నుంచి నేరుగా కేంద్రానికి వచ్చినా వేస్తామన్నారు.

కాబట్టి కొత్తగా ఏది తెచ్చినా కొన్ని పనులు ముందే చేయాలి, ఇవేమీ కోట్లు ఖర్చయ్యేవి కావు. ప్రయోగాన్ని గచ్చిబౌలిలో మొదలుపెట్టకూడదు. ముంచంగిపుట్టు లాంటి ఏజెన్సీ మండలంలో మొదలుపెట్టాలి. సిగ్నల్ కోసం కొండెక్కే చోట నిలబడగలిగితే అది ఎక్కడైనా నిలబడుతుంది. ఏ దుకాణంలో నెలకు ఎన్ని వేలిముద్రలు పడలేదో దుకాణం గోడ మీదే రాయాలి. సర్వర్ పనిచేయని రోజున పుస్తకంలో సంతకం పెట్టించుకుని సరుకు ఇవ్వాలి. అలా ఇచ్చిన డీలరును అనుమానించకూడదు. జాబితాలో పేరు తీసేయాలంటే ముందు తెలుగులో కారణం రాసిన కాగితం ఇంటికి రావాలి, దాని కింద దిద్దే అధికారి పేరు, కూర్చునే చోటు ఉండాలి. సాఫ్ట్‌వేర్ అలా చూపించిందన్న జవాబును జవాబుగా ఒప్పుకోకూడదు. పాత పద్ధతిని కనీసం ఏడాది పాటు పక్కనే నడపాలి. అంగన్‌వాడీల్లో 2025 జులై నుంచి ఇంటికిచ్చే పోషకాహారానికి ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. బాలింత ముఖం యాప్ గుర్తుపట్టని రోజున ఆ పొట్లం ఇవ్వాలా వద్దా అన్నది అంగన్‌వాడీ టీచర్‌కు వదిలేయాలి. ఆమెకు ఆ తల్లి పురుడు పోసుకున్న రోజు కూడా తెలుసు.

ధరణి స్థానంలో భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది. అప్పీలు మళ్లీ వచ్చింది. ఆ వేసవి చివర ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టారు. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, మడత బల్ల, బల్ల వెనక తహసీల్దారు. జనం పాత పహాణీ నకళ్లు ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకుని వచ్చారు. ఫీజు లేదు, మాడ్యూల్ నంబరు అక్కర్లేదు. ఎక్కడ తప్పు పడిందో నోటితో చెప్పారు, కాగితం మీద రాసిచ్చారు. లక్షల్లో దరఖాస్తులు చేరాయి. సెప్టెంబరులో దాదాపు 5 వేల మందిని గ్రామ పాలనాధికారులుగా నియమించారు. 2020లో తీసేసిన మనిషిని వేరే పేరుతో మళ్లీ ఊళ్లోకి పంపారు.